వెన్ను, నరాల వైకల్యం: శాతాన్ని ఎలా నిర్ణయిస్తారు?

అరకులోయ నుంచి సైన్యంలో చేరిన ఒక యువకుడు పదిహేనేళ్ల సర్వీసు తరువాత వెన్నులో డిస్క్ జారి ఇంటికి వచ్చాడనుకుందాం. విడుదల సమయంలో సైనిక వైద్య మండలి అతనికి 20 శాతం వైకల్యం ఉందని రాసింది. ఆ కాగితంతో సదరం శిబిరానికి వెళితే అక్కడ అది సరిపోదు. ఎందుకంటే వికలాంగుల హక్కుల చట్టం, 2016 కింద చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం ఉండాలి. నడుము ఒకటే అయినా లెక్కలు రెండు. ఈ తేడాను మీరు ముందుగా గ్రహించాలి.

రెండు చోట్లా కొలిచేది నొప్పిని కాదు, కోల్పోయిన పనిశక్తిని. స్కాన్‌లో డిస్క్ జారినట్లు కనిపించినంత మాత్రాన శాతం రాదు. పడుకోబెట్టి కాలును నిటారుగా ఎత్తినప్పుడు నొప్పి పిక్క వరకు పాకుతుందా? బొటనవేలిని పైకి లేపగలడా? లేపలేకపోతే ఎల్5 నరం మీద అనుమానం. మునివేళ్ల మీద నిలబడలేకపోయినా, మడమ దగ్గర తట్టినప్పుడు పాదం కదలకపోయినా ఎస్1 నరాన్ని చూస్తారు. కండర బలాన్ని 0 నుంచి 5 వరకు అంచనా వేస్తారు. పాదం పైకి లేవనివాడు చదునైన నేల మీద ఎలాగో నడుస్తాడు. కాఫీ తోట వాలులో మాత్రం అడుగడుగునా తట్టుకుంటాడు. పరీక్ష గదిలో ఇది కనిపించదు కాబట్టి, రోగి తానే డాక్టరుకు చెప్పి రాయించుకోవడం మంచిది.

సైనిక మండలి మరో ప్రశ్న కూడా వేస్తుంది: ఈ వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందా, లేక సర్వీసులో ముదిరిందా? నా దృష్టిలో శాతం కన్నా ఇదే కీలకం. దీనికి "కాదు" అని రాస్తే ఎంత శాతం ఉన్నా వైకల్య పింఛను నిలిచిపోతుంది. అయితే చేరిన రోజున ఆ జబ్బు నమోదు కాకపోతే, అది సర్వీసు వల్లే వచ్చిందని భావించాలనీ, కాదని చూపే భారం ప్రభుత్వానిదేననీ ధరమ్‌వీర్ సింగ్ కేసులో (2013) సుప్రీంకోర్టు చెప్పింది. జవాబు "అవును" అయి, వైకల్యం 20 శాతానికి చేరితే, దాన్ని 50గా లెక్కించే పద్ధతి ఉంది. సర్వీసు పూర్తిచేసి విడుదలైనవారికీ ఇది వర్తిస్తుందని రామ్ అవతార్ కేసులో (2014) తేలింది. 2023 సెప్టెంబరు 21 తరువాత విడుదలైనవారికి మాత్రం కొత్త నిబంధనలు చూడాలి.

తిరస్కరణ వస్తే మొదట వైద్య మండలి నివేదిక నకలు తీసుకోవాలి. ఆపైన శాఖాపరమైన అప్పీళ్లు, తరువాత సాయుధ దళాల ట్రిబ్యునల్. ఆలస్యమైతే హక్కు పోదు గానీ సొమ్ము పోతుంది. 1983లో వైద్య కారణాలతో విడుదలైన తర్సేమ్ సింగ్ 1999లో హైకోర్టుకు వెళ్లారు. 2008లో సుప్రీంకోర్టు ఆయన బకాయిలను పిటిషన్‌కు ముందు సుమారు మూడేళ్లకే పరిమితం చేసింది.