ఒకే దేశం, రెండు గొంతులు

1987 నవంబర్ 13వ తేదీన వాషింగ్టన్ నగరంలో, పోపుగారి రాయబార కార్యాలయంలో ఒక విచిత్ర సమావేశం జరిగింది. నికరాగువా అధ్యక్షుడు డేనియల్ ఒర్టేగా, ఆ దేశపు మతాచార్యుడు కార్డినల్ మిగెల్ ఒబాండో అందులో పాల్గొన్నారు. వారితోపాటు కూర్చున్న మూడవ ప్రముఖుడు అమెరికా ప్రతినిధి సభ స్పీకర్ జిమ్ రైట్. నికరాగువా అంతర్యుద్ధంలో కాల్పుల విరమణకు ఒర్టేగా తన ప్రతిపాదనను అక్కడే కార్డినల్‌కు అందజేశారు. ఆ యుద్ధంలో తిరుగుబాటుదారుల పక్షాన నిలిచినది సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రేగన్!

అధ్యక్షుని మార్గం తప్పని తోచినప్పుడు శాసనకర్త తానే రాయబారి కావచ్చునా?

లోగన్ చట్టం

ఈ ప్రశ్న అమెరికా గణతంత్రమంత పాతది. 1798లో ఆ దేశానికి ఫ్రాన్సుతో యుద్ధం నేడో రేపో అన్నట్లుండేది. ఫిలడెల్ఫియాకు చెందిన జార్జి లోగన్ అనే క్వేకర్ వైద్యుడు సొంత ఖర్చుతో పారిస్ వెళ్ళి, విదేశాంగ మంత్రి తాలీరాన్‌ను కలుసుకున్నారు. ఫ్రాన్సు ఓడలపై నిర్బంధాన్ని ఎత్తివేసి, బందీలైన అమెరికన్ నావికులను విడిచిపెట్టింది. స్వదేశానికి తిరిగి వచ్చిన లోగన్‌కు దక్కింది సన్మానం కాదు, ఆయన పేరిట ఒక శిక్షా చట్టం! అమెరికాతో తగవున్న విదేశీ ప్రభుత్వంతో ప్రభుత్వ అనుమతి లేకుండా సంప్రదింపులు జరపడం నేరమని 1799 జనవరి 30న శాసనమైంది.

ఇంత కాలంలో ఆ చట్టం కింద అభియోగం మోపింది రెండు సార్లే: 1803లోను, 1852లోను. శిక్ష పడినవారు ఒక్కరూ లేరు. లోగన్ మాత్రం 1801లో సెనేటర్ అయ్యారు!

రాజ్యాంగం సైతం ఈ చిక్కును విప్పలేదు. సంధి చర్చలు జరిపేది అధ్యక్షుడు. ఆ సంధికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల ఆమోదం కావాలి. సేనాధిపతి అధ్యక్షుడు, యుద్ధ ప్రకటన, ఖజానా తాళంచెవి కాంగ్రెస్ చేతిలో ఉన్నాయి.

రైట్ చేసినదేమిటి?

1979లో నికరాగువాలో సొమోజా నియంతృత్వాన్ని సాండినిస్టాలు కూలదోశారు. వారికి వ్యతిరేకంగా పోరాడే కాంట్రాలకు రేగన్ ప్రభుత్వం ఆయుధాలిచ్చింది. 1984లో కాంగ్రెస్ ఆ సైనిక సహాయాన్ని నిషేధించింది. అయినా ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలమ్మి, ఆ సొమ్ములో కొంత కాంట్రాలకు మళ్ళించిన సంగతి 1986 నవంబరులో బయటపడింది. ఇరుపక్షాల నడుమ నమ్మకం నశించింది.

1987 జనవరిలో రైట్ స్పీకర్ అయ్యారు. ఆగస్టు 5న రేగన్, రైట్ కలిసి ఒక శాంతి పథకాన్ని ప్రకటించారు. రెండు రోజులకే మధ్య అమెరికాకు చెందిన ఐదుగురు అధ్యక్షులు, కోస్టారికా అధ్యక్షుడు ఆస్కార్ ఆరియస్ చొరవతో, తమ సొంత ఒప్పందంపై సంతకాలు చేశారు. రైట్ దానిని మనసారా స్వాగతించారు. రేగన్ ప్రభుత్వం సందేహించింది. ఆ సందులోంచే స్పీకర్ దౌత్యంలో అడుగుపెట్టారు. రేగన్ వర్గం మండిపడింది.

1988 ఫిబ్రవరి 3న కాంట్రాలకు రేగన్ కోరిన సహాయాన్ని ప్రతినిధి సభ 219–211 ఓట్లతో తిరస్కరించింది. మార్చిలో సపోవా అనే చోట ఉభయ పక్షాలు కాల్పుల విరమణకు అంగీకరించాయి. 1990 ఎన్నికలలో ఒర్టేగా ఓడి వయొలెటా చమోరో గెలిచారు. కాంట్రాల తుపాకులే ఒర్టేగాను చర్చలకు దించాయని రేగన్ అభిమానులంటారు. తుపాకులకు డబ్బు ఆగినందువల్లనే సంధి కుదిరిందని రైట్ అభిమానులంటారు. రెండింటిలోను కొంత నిజముంది.

చూడడం, చెప్పడం, రాయడం

మన ఉపఖండం ఇందులో మరొక పద్ధతిని చూసింది. 1971లో అధ్యక్షుడు నిక్సన్ పాకిస్తాన్ వైపు మొగ్గి ఉండగా, సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ ఆగస్టులో పశ్చిమ బెంగాల్‌లోని కాందిశీకుల శిబిరాలను చూశారు. చూసినదానిని తిరిగి వెళ్ళి తన దేశానికి చెప్పారు. అది మధ్యవర్తిత్వం కాదు, సాక్ష్యం.

2015లో పాత్రలు తారుమారయ్యాయి. అధ్యక్షుడు ఒబామా ఇరాన్‌తో అణు చర్చలు జరుపుతుండగా, 47 మంది రిపబ్లికన్ సెనేటర్లు ఆ దేశ నాయకులకు బహిరంగ లేఖ రాశారు. కాంగ్రెస్ ఆమోదించని ఒప్పందాన్ని తరువాతి అధ్యక్షుడు రద్దు చేయవచ్చునన్నది దాని సారాంశం. ఆ జూలైలో ఒప్పందం కుదరనే కుదిరింది. అయితే 2018 మే నెలలో అధ్యక్షుడు ట్రంప్ దాని నుంచి వైదొలగారు. లేఖ చెప్పినట్లే అయింది.

ఒక దేశం రెండు గొంతులతో మాట్లాడితే, ఎదుటివాడు తనకు నచ్చిన గొంతునే వింటాడు. ప్రమాదం అక్కడే ఉంది. కాని ఒకే గొంతు దేశాన్ని దొంగచాటుగా యుద్ధంలోకి నడిపినప్పుడు, మౌనం అంతకన్న పెద్ద ప్రమాదం. రైట్ బలం పోపుగారి రాయబారి భవనంలో లేదు. సభలోని ఆ 219 ఓట్లలో ఉంది. శాసనకర్త ఎంత దూరం ప్రయాణించినా, ఆయన మాటకు విలువ కట్టేది చివరకు ఆయన సొంత సభే.