శుక్రవారం లెక్క

జ్వరాల కాలంలో ఊరిని కాపాడేవి మందులొక్కటే కాదు. ఒక చిన్న లెక్క కూడా కాపాడుతుంది. ఆ లెక్కకు బీజం పడింది మన సికింద్రాబాద్‌లోనే.

వానలు పడి ఆకేరు వాగు పారితే వర్ధన్నపేట పొలాల్లో నాట్లు ఊపందుకుంటాయి. వాటి వెంటే జ్వరాలూ వస్తాయి. శుక్రవారం 'డ్రై డే'. ఆశ కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు గడప గడపకూ వెళ్లి గోలెం మూత తీసి చూస్తారు. కూలర్ అడుగున, పాత టైరులో, కొబ్బరి చిప్పలో నిలిచిన నీళ్లనూ వదలరు. మెలికలు తిరిగే పురుగులు (లార్వా) కనిపిస్తే అక్కడికక్కడే పారబోయిస్తారు.

వారానికోసారే ఎందుకు? డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు దశ దాటి ఎగరడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ఈలోపే తొట్టి ఖాళీ చేస్తే రెక్కలు రాకముందే దాని పని అయిపోతుంది. గుడ్లు మాత్రం ఎండినా నెలల తరబడి గోడకు అంటుకుని ఉంటాయి. అందుకే గట్టిగా తోమాలి.

అణాకో దోమ

1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్ దగ్గరి బేగంపేటలో అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టారు. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్‌కు దోమకు అణా చొప్పున ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది.

ఆ తర్వాత ఆయన పెన్సిల్ పట్టారు. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరమూ కాదు, ఆ అవసరమూ లేదని గణితంతో చూపారు. వాటి సంఖ్య ఒక హద్దు దిగువకు పడితే చాలు, మలేరియా దానంతటదే తగ్గిపోతుంది. భారత్‌లో పనిచేసిన వైద్యుడు మెకెండ్రిక్, శాస్త్రవేత్త కెర్మాక్‌తో కలిసి 1927లో ఈ దారిని ముందుకు తీసుకెళ్లారు. బొంబాయి ప్లేగు మరణాలతో తమ సమీకరణాలను సరిచూసుకున్నారు.

ఒకటికి లోపు

ఒక రోగి నుంచి ఇద్దరికి సోకుతుందనుకుందాం. పదో విడతకు కొత్త రోగులు 1,024 మంది. అదే పది మంది నుంచి ఎనిమిది మందికే సోకితే, పదిమందితో మొదలైన జ్వరం పదో విడతకు ఒక్కరికి దిగుతుంది. మాస్కు, దోమతెర, డ్రై డే చేసేది ఈ పనే: ఒక్కో రోగి నుంచి సోకేవారి సగటును ఒకటికి లోపు దించడం.

లెక్క జోస్యం కాదు. ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ ఎం. విద్యాసాగర్ నేతృత్వంలోని కమిటీ 2020 అక్టోబరులో, జాగ్రత్తలు కొనసాగితే ఫిబ్రవరికల్లా కొవిడ్ బాగా తగ్గుతుందని అంచనా వేసింది. 2021 ఏప్రిల్‌లో రెండో వేవ్ ముంచెత్తింది. వైరస్ మారినా, మనుషుల నడత మారినా లెక్క మళ్లీ వేయాల్సిందే.

అందుకు కావలసింది తాజా సమాచారం. వందిళ్లలో ఎన్నింట లార్వా దొరికిందో చెప్పే హౌస్ ఇండెక్స్‌ను వార్డులవారీగా ప్రతి వారం జనం ముందు పెట్టాలి. ఏ వాడ హద్దు దాటుతోందో తెలిస్తే ఫాగింగ్ యంత్రం ఎటు వెళ్లాలో, ఏ ఇంటి తలుపు ముందు తట్టాలో తేలుతుంది. ఆ హద్దును ఏ ఇల్లూ ఒంటరిగా నిలపలేదు. మన గోలెం తోమడం పక్కింటి పసిబిడ్డకూ రక్షణే.