సీసాలో మాత్రలా, గిన్నెలో కూరా?

ఇండియా ప్రయాణం ఖాయమవగానే మనలో చాలామంది సూట్‌కేసులో ఓ మూల అమ్మ కోసం, అత్తయ్య కోసం సీసాలు సర్దేస్తాం. పసుపు క్యాప్సూళ్ళు, గింకో మాత్రలు, "మెదడుకు మంచిది" అని రాసున్న ఇంకేవో. అమ్మ పేర్లు మర్చిపోతోందనీ, స్టవ్ మీద పాలు పెట్టి వదిలేస్తోందనీ ఫోన్లో వింటే, ఇంత దూరం నుంచి మనం చేయగలిగింది అదే కదా అనిపిస్తుంది. మరి ఆ సీసాలు నిజంగా జ్ఞాపకశక్తిని కాపాడతాయా?

ముందు యాంటీఆక్సిడెంట్ల సంగతి చూద్దాం. ఒంటి బరువులో మెదడు 2 శాతమే. కానీ మనం వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే కావాలి. అంత పని జరిగేచోట ఫ్రీ రాడికల్స్ కూడా ఎక్కువే పుడతాయి, అవి పెరిగితే కణాలు దెబ్బతింటాయి. మొక్కల్లో ఉండే కొన్ని పదార్థాలు వాటిని అడ్డుకోగలవు. నేరేడు పండు ఊదారంగు, ఉసిరికాయ వగరు, పసుపు పచ్చదనం ఆ కోవలోవే. ల్యాబ్‌లో వీటి పని చక్కగానే కనిపిస్తుంది. మనుషుల్లో తేల్చడమే కష్టం.

ఆహారం విషయంలో కొంత ఆశ ఉంది. అమెరికాలో 70 ఏళ్ళు దాటిన 16,010 మంది నర్సులను గమనించిన అధ్యయనం 2012లో వచ్చింది. వారానికోసారైనా బ్లూబెర్రీలు, రెండుసార్లైనా స్ట్రాబెర్రీలు తినేవాళ్ళలో జ్ఞాపకశక్తి తగ్గడం రెండున్నరేళ్ళ దాకా వెనకబడినట్టు కనిపించింది. చికాగోలో 960 మంది పెద్దవాళ్ళ మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ ఒక వంతు ఆకుకూర తినేవాళ్ళ మతిమరుపు నెమ్మదిగా సాగింది. ఒక వంతంటే ఉడికించిన కూర అరకప్పు, అంతే. మన తోటకూర పప్పు, పాలకూర వేపుడు చాలు.

అయితే ఆకుకూరలు తినేవాళ్ళు నడకకూ వెళ్తుండొచ్చు, డాక్టర్ మాటా వింటుండొచ్చు. కాబట్టి ఇదంతా కూర మహిమే అనలేం. 604 మందితో మూడేళ్ళపాటు చేసి 2023లో వెల్లడించిన పరీక్షలో, ఆకుకూరలు, బెర్రీలు ఎక్కువగా ఉన్న మైండ్ డైట్ తిన్నవాళ్ళకూ మామూలు తిండే కాస్త తగ్గించి తిన్నవాళ్ళకూ పెద్ద తేడా రాలేదు.

మాత్రల కథ ఇంకా నిరాశే. 75 ఏళ్ళు దాటిన 3,069 మందిలో కొందరికి గింకో, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చి సుమారు ఆరేళ్ళు చూశారు. 2008లో ఫలితం వచ్చింది: గింకో డిమెన్షియాను ఆపలేదు. పసుపులోని కర్‌క్యుమిన్‌ను అల్జైమర్స్ ఉన్న 36 మందికి 24 వారాలు ఇచ్చి చూస్తే ఉపయోగం కనిపించలేదు. అది రక్తంలోకి చేరిందే చాలా తక్కువ. తర్వాత బాగా ఒంటికి పట్టేలా చేసిన రకంతో 40 మందిలో కొంత మేలు కనిపించింది కానీ, అంతమందితో గట్టిగా చెప్పలేం.

పనిచేయకపోతే పోనీ, నష్టమేముందిలే అనుకోకండి. గింకో, ఎక్కువ మోతాదు పసుపు మాత్రలు రక్తం పలుచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. పసుపు మాత్రల వల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. పప్పులో వేసే చిటికెడు పసుపుకు ఈ భయం లేదు. వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకుకూర మానక్కర్లేదు, కానీ ఒకరోజు బోలెడు, మర్నాడు శూన్యం కాకుండా రోజూ ఒకేలా తినాలి.

అసలు ప్రమాదం ఇంకోటుంది. సీసా పంపాం కదా అని పరీక్షలు వాయిదా పడతాయి. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు వస్తుంది, వైద్యంతో మెరుగుపడే అవకాశమూ ఉంటుంది. శాకాహారులకూ, షుగర్‌కు ఏళ్ళతరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళకూ బి12 తగ్గే వీలెక్కువ. 2024 లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మనం సరిచేసుకోగల 14 కారణాలు చెప్పింది. వాటిలో బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, వినికిడి లోపం, చూపు తగ్గడం, ఒంటరితనం ఉన్నాయి. అన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం కేసులు తప్పించడమో, వెనక్కి నెట్టడమో సాధ్యమని అంచనా.

అందుకే ఈ వారం ఫోన్ చేసినప్పుడు "ఏం కూర వండావమ్మా?" అన్నాక, "బీపీ ఎంతుంది? చెవులు బాగా వినిపిస్తున్నాయా?" అని కూడా అడగండి. వేసుకునే మందులన్నీ, మనం పంపిన సీసాలతో సహా, ఒకచోట పెట్టి ఫొటో తీసి పంపమనండి. ఆ ఫొటో వాళ్ళ డాక్టర్‌కు చూపించి, బి12, థైరాయిడ్ పరీక్షల గురించి అడగమని తమ్ముడికో వదినకో చెప్పండి.