మొగలి నీరు, నిమ్మగడ్డి నూనె

గంజాం జిల్లాలో తరతరాలుగా కాపురమున్న మన తెలుగు ఇళ్ళలో వానాకాలము వచ్చినదంటే చీరల మడతల నడుమ మొగలి రేకు ఉండవలసినదే. శివపూజకు పనికిరాదని పెద్దలు పక్కన పెట్టిన పువ్వే అయినా, జడకూ బట్టల పెట్టెకూ దానిని మించినది లేదు. ఆ వాసనను ఇంట్లోనే కాచి సీసాలో దాచుకొనవచ్చునా అని మన ఆడవారు అడుగుచుందురు. దాచుకొనవచ్చును గాని, ఇంటి పొయ్యి మీద వచ్చేది మొగలి నీరే. మొగలి నూనె కాదు.

ఛత్రపురం వైపు బట్టీలవారి పద్ధతి చూడండి. మొగలిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు, ఘుమఘుమలాడేది మగపువ్వే. తెల్లవారగనే కోసిన పువ్వులను ఆనాడే నీళ్ళతో రాగి దేగులో వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి మంట పెట్టుదురు. ఆవిరి గొట్టము గుండా పోయి, చన్నీళ్ళ తొట్టిలో ఉంచిన మరొక పాత్రలో చల్లారును. సారా కాచుటయు ఇట్లే గనుక ఎక్కువ చెప్పనక్కరలేదు. అత్తరు కావలెనన్న ఆ రెండవ పాత్రలో ముందుగా గంధపు నూనె పోసి ఉంచుదురు. వచ్చిన కొద్దిపాటి పరిమళమును అది పీల్చుకొనును.

ఇంట్లో మేము చేయునది ఇంతకంటె సులువు. పెద్ద స్టీలు తపేలా అడుగున ఒక చిన్న ముక్కాలి పీట, దానిపై ఖాళీ గిన్నె. పీట చుట్టూ పూరేకులు, అవి మునిగే వరకు నీళ్ళు. నీళ్ళు గిన్నెలోనికి పోరాదు. బోర్లించవలసిన మూతను వెల్లకిల పెట్టి, అంచుకు గోధుమపిండి ముద్ద అంటించి, మూతలో మంచుముక్కలు వేయవలెను. సన్నని మంట మీద ఆవిరి మూతకు తగిలి, నడుమకు జారి, గిన్నెలో చుక్కలుగా పడును. మంచు కరిగిన నీటిని తీసివేయుచు గంటసేపు ఉంచిన చాలును. ఆ నీరు ఫ్రిజ్‌లో పెట్టి పది రోజులలో వాడుకొనవలెను. పాయసమునకు ఒక చెంచాడు చాలును.

నూనె కంటికి కనబడవలెనన్న నిమ్మగడ్డి మేలు. అందులోని సిట్రాల్ ఒంటరిగా మరుగుటకు 220 డిగ్రీలు దాటిన వేడి కావలెను. నీటి ఆవిరితో కలిసినచో 100 డిగ్రీల లోపే లేచి వచ్చును. 2 కిలోల గడ్డిని నీడన వాడ్చి, తరిగి, రెండు విడతలుగా కాచినచో లేత పసుపు నూనె నీటిపై తేలును. సన్నమూతి సీసాలో పోసి, తేరిన తరువాత సిరా పిల్లరుతో తీయవచ్చును. వచ్చేది చెంచాడు లోపే!

మా ఎదురింటి పిన్నిగారు చీటీ సొమ్ముతో చిన్న రాగి బట్టీ కొని, నూనె అమ్మి, కూతురి కాలేజీ ఫీజు కట్టవలెనని తలచినారు. లెక్క వేసి పెట్టమని మమ్ము అడిగినారు. గుమాస్తాలము గదా, వేసినాము. గ్యాసు, మంచు, పూల వెల, సీసాలు కలిపితే రాబడి కంటె ఖర్చే పెద్దదైనది. కిలో గులాబి నూనెకు మూడు నాలుగు టన్నుల రేకులు కావలెనని చెప్పగా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. సొమ్ము మాత్రము బ్యాంకులో వేసినారు.

మల్లెలను ఉడికించి లాభము లేదు. వేడికి ఆ సుకుమారపు వాసన చెడిపోవును. కడిగి ఆరబెట్టిన నువ్వుల నడుమ పొరలు పొరలుగా మల్లెలు పరచి, రోజూ పూలు మార్చుచు వారము దినములుంచి, ఆ నువ్వులను గానుగ ఆడించుట పాత పద్ధతి. తలనూనెకు ఇంతకు మించినది మేమెరుగము.

ప్రెషర్ కుక్కరుకు గొట్టము తగిలించి కాచుట కొందరికి సరదా. రేకు ముక్క ఒకటి అడ్డుపడిన ప్రాణాపాయమే గనుక ఆ పని వద్దు. తపేలాలో నీరు ఇగిరి అడుగంటనీయరాదు. తీసిన నూనెను నేరుగా ఒంటికి రాయరాదు. చెంచాడు కొబ్బరినూనెకు ఒక చుక్క చాలును. నీలగిరి తైలము వంటివి పసిపిల్లల ముక్కులో వేయరాదు. పొరపాటున కొంచెము మింగినా పిల్లలకు మూర్ఛలు రావచ్చును. అట్లు జరిగినచో వాంతి చేయింపక, సీసాతో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రంగుగాజు సీసాకు బిరడా బిగించి, చీటీ అంటించి, పై అరలో పెట్టుడు.