పడని వస్తువులు, కడుపులో పురుగులు

“నాకు వంకాయ పడదు” అనే మాట మన ఇండ్లలో కొత్తది కాదు. ఈ పడకపోవడమునే వైద్యులు ఎలర్జీ అంటారు. ఆ గుణము రక్తములో ఉన్నదని 1921లో జర్మనీలో తేలినది. క్యూస్ట్నర్ అనే వైద్యునికి చేప పడదు. అతని రక్తరసమును ప్రౌస్నిట్స్ తన చర్మములోనికి ఎక్కించుకొని, మరునాడు అక్కడనే చేపల సారము ఎక్కించగా దద్దురు లేచినది. చేప చక్కగా పడే మనిషికి!

ఆ రసములోని పదార్థమేదో తెలియుటకు మరి 45 ఏండ్లు పట్టినది. 1966-67లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా దానిని కనుగొన్నారు. అది ఒక ప్రతిరక్షకము. 1968లో దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అని పేరు పెట్టినారు. మనము ఐజీఇ అందాము. చర్మములో, ఊపిరితిత్తులలో, ప్రేగులలో ఉండే మాస్ట్ కణాలను ఇది అంటిపెట్టుకొని ఉండును. పడని వస్తువు వచ్చి తాకగానే ఆ కణాలు హిస్టమిన్‌ను విడుదల చేయును. తుమ్ములు, దురద, ఆయాసము దాని ఫలితాలే.

అయితే ఇదే ఐజీఇ కడుపులోని పురుగుల మీద కూడా లేచును. యూరపు దేశాలలో ఎలర్జీ లేని పెద్దవారికి సాధారణముగా మిల్లీలీటరుకు 100 యూనిట్ల లోపే ఉండగా, పురుగుల బాధ దండిగా ఉన్న ఉష్ణదేశపు పల్లెలలో అది వేలకు పోవును. మరి ఆ పల్లెలలో అందరూ తుమ్ముచు కూర్చొనవలె గదా? అట్లు లేదు. గబాన్ దేశపు బడిపిల్లలను పరిశీలించి 2000లో ప్రకటించిన ఫలితాలలో, షిస్టోసోమా పురుగులున్న పిల్లలకు ఇంటి దుమ్ములోని నల్లులవంటి సూక్ష్మజీవులు పడకపోవడము తక్కువగా కనబడినది. పురుగు తన మనుగడ కొరకు శరీరపు ఆగ్రహమును చల్లార్చునని శాస్త్రజ్ఞుల ఊహ. అటుపిమ్మట అదే దేశములో పిల్లలకు పురుగుల మందు ఇయ్యగా, దుమ్ము పడని వారి సంఖ్య పెరిగినది.

అందుచేత పురుగులు మేలని ఎవరైనా అన్నచో నమ్మవద్దు. కొంకి పురుగు రక్తము త్రాగి బిడ్డను పాలిపోజేయును. ఏలికపాము ఉబ్బసమును తగ్గించుటకు బదులు పెంచునట్లు కనబడుచున్నది. 2015 నుండి బడులలో, అంగన్‌వాడీలలో పంచుచున్న ఆల్బెండజోల్ మాత్రను మానిపించవలసిన పని లేదు.

జాగ్రత్త వేరొక చోట కావలెను. పిల్లవాని రక్తపరీక్ష కాగితములో ఐజీఇ ఎక్కువగా ఉన్నదని, ఆ ఒక్క అంకెను చూచి గ్రుడ్డు, పాలు, చేప మాన్పించు తల్లులున్నారు. ముందు మలపరీక్ష చేయించవలెను. ఏ వస్తువు పడదో దానికి తగిన పరీక్ష వేరే ఉన్నది. మాత్ర వేసిన మరునాడే ఆ అంకె దిగదు, నెలలు పట్టవచ్చును. రెండవసారి పరీక్ష చేయించినపుడు, మాత్ర ఎప్పుడు వేసినారో వైద్యునికి చెప్పవలెను.