మగ్గము నిలిచిన వేళ బడి యన్నము

పెడన పట్టణము నేతకును అద్దకమునకును పేరుగన్నది. టేకుకొయ్య అచ్చులతో అచట నద్దిన వస్త్రములు ‘మచిలీపట్నం కలంకారీ’ యను పేర భౌగోళిక గుర్తింపు నొంది దేశాంతరములకు పోవుచున్నవి. చేరువనున్న బందరులో మన పెద్దలు 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి, చదువుతోపాటు చేతిపనిని గూడ నేర్పించిరి. అట్టి సీమలో వస్త్రమును మెచ్చువారికి కొదువ లేదు. ఆ వస్త్రమును నేయువాని బిడ్డ ఏమి తిని బడికి వచ్చుచున్నాడని విచారించువారు మాత్రము అరుదు. నేడు మేము పాఠకుల దృష్టికి దెచ్చునది ఆ సంగతియే.

నేత యింట మగ్గమున గూర్చుండువా డొక్కడే యైనను పని యింటిల్లిపాదిది. పడుగు సిద్ధము చేయుట, గంజి పెట్టుట, కండెలు చుట్టుట మొదలగు పనులకు ఆడువారును పిల్లలును చేయి వేయనిదే దినము గడవదు. కావున బిడ్డను బడికి పంపుట యనగా ఆ యింటికి రెండు చేతులు తగ్గుటయే. వానకాలమున కష్టము ఇనుమడించును. గుంట మగ్గములోనికి నీరూరును, నూలు చెమ్మగిలును, అద్దకపు బట్ట ఆరుటకు ఎండ యుండదు. పని నిలిచిన కూలియు నిలుచును. మన బడులు జూను మాసమున దెరచుటయు, వానలు మొదలగుటయు ఇంచుమించు ఏకకాలముననే జరుగును. అట్టి దినములలో బడిలో దొరకు మధ్యాహ్న భోజనమే ఆ బిడ్డను చదువున నిలుపుచున్నది.

ఈ భోజనము క్రొత్తగా వచ్చినది కాదు. 1920లో మద్రాసు నగరపాలక సంఘమువారు థౌజండ్ లైట్స్ ప్రాంతపు పాఠశాలలో దీనిని ప్రారంభించిరి. అప్పటి సంఘాధ్యక్షులు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగు మాటలాడు దేవాంగ కులమున, నేతవృత్తి నెరిగిన వంశమున జన్మించినవారు. 1925లో ఆంగ్ల ప్రభుత్వము ఈ వ్యయమును ప్రాథమిక విద్యానిధిపై వేయరాదని నిషేధింపగా భోజనము నిలిచిపోయి, 1927లో గాని మరల మొదలు కాలేదు. ఆ బిడ్డల అన్నము నాపినది కరవు కాదు, పద్దు.

1956లో కామరాజు నాడారుగారు మద్రాసు రాష్ట్రమున ఈ యేర్పాటును విస్తరింపజేసిరి. మన తెలుగు జిల్లాలు 1953లోనే వేరైనందున ఆ మేలు మనకు దక్కలేదు. 1995 ఆగస్టు 15న పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వము దేశమంతటికి ఒక పథకమును ప్రకటించినను, పెక్కుచోట్ల బిడ్డకు నెలకు 3 కిలోల ధాన్యము నిచ్చుటతో సరిపెట్టిరి. వండిన అన్నమే పెట్టవలయునని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆజ్ఞాపించిన పిమ్మట, 2003లో మన రాష్ట్రపు బడులలో పొయ్యి వెలిగినది. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులును, పై తరగతుల బిడ్డకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులును హక్కుగా నిర్ణయించినది. కావున దీనిని దానమని పలుకువారు చట్టము నెరుగనివారు.

హక్కు వ్రాతలో నున్నది. పళ్లెములోనికి దానిని దెచ్చువా రెవరు? పెక్కు బడులలో ఆ యూరి పేద స్త్రీలే. ప్రభుత్వము బియ్యము పంపును. కూరగాయలు, నూనె, పోపు సామగ్రి, వంటచెరకు మొదలగువానిని వారే ముందుగా గొని వండి, పిమ్మట లెక్క చూపి సొమ్మునకై ఎదురుచూడవలయును. వారి గౌరవవేతనమును 2019లో నెలకు 3,000 రూపాయలకు పెంచిరి. లెక్కల సొమ్ము నెలలు గడచినను రానిచో ఆ స్త్రీలు అంగడిలో అప్పు పెట్టుదురు. అంగడివాడు అప్పు నిరాకరించిననాడు పప్పు పలుచనగును. ఒక్కొక్క చిన్నబిడ్డకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరలు అని కొలత యున్నది. బకాయి పెరిగినకొలది ఆ కొలత కాగితముననే నిలుచును. నేతవారి మాటలో జెప్పవలెనన్న, ఇది పడుగు నిచ్చి పేక నీయక బట్ట నడుగుట వంటిది.

2024లో మన రాష్ట్ర ప్రభుత్వము ఈ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. మేము హర్షించితిమి. లంకల గన్నవరమున ఆకలిగొని వచ్చిన ప్రతివానికిని అన్నమిడిన ఆ మహాతల్లి తన గాదెనుండి పెట్టినది గాని, వంటమనిషిచేత అప్పు చేయించి పెట్టలేదు. పేరు పెట్టినవారికి ఆ రీతియు పాటించు బాధ్యత కలదు.

ఇందులకు మేము కోరునది పెద్దది కాదు. వంట ఖర్చును నెల మొదటనే ఆ స్త్రీల చేతికి అందజేయవలయును. నిధి తరిగినచో బడిలోనున్న ఇతర నిధిని తాత్కాలికముగా వాడుకొని భోజనము సాగింపవచ్చునని 2015 నాటి నిబంధనలు ప్రధానోపాధ్యాయునకు అధికార మిచ్చినవి. ఆ యధికారమును వాడుటకు వారు వెనుదీయరాదు. బడి జరుగు దినమున సరకు గాని వంటమనిషి గాని లేక భోజనము తప్పినచో బిడ్డకు చెల్లింపవలసిన భత్యము నా నిబంధనలే తెలిపినవి. తలిదండ్రులు దానిని అడుగవలయును. తలిదండ్రుల సంఘమువారు వారమున కొకమారైనను పళ్లెమునందలి పప్పును తామే రుచిచూడవలయును.

పెడన పురపాలకులును, చేనేత సంఘములవారును ఈ విషయమున గట్టిగా బలుకుదురుగాక. వానలు రానున్నవి, మగ్గములు నిలుచును. ఆనాటికి బడి పొయ్యి నిలువకుండ జూచుట మన చేతిలో నున్నది.