మంటకు మిర్చి ఒక్కటే ముద్దాయా?

సాయంత్రం ఆరు దాటితే అబిడ్స్ జీపీఓ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నోరు కట్టుకుని నడవడం కష్టమే. మిర్చిబజ్జీ, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. నాలుగడుగులు వేస్తే మందుల షాపు. "భాయ్, కడుపులో ఒకటే మంట. గ్యాస్ గోలీ ఇవ్వు" అంటే చాలు, కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించి రెండు మాత్రలు చేతిలో పెడతారు. తిన్నది మిర్చి కాబట్టి నేరమూ దానిదే అయిపోతుంది.

కారం మంట పుట్టించే మాట నిజం. ఉన్న పుండును రేపుతుంది కూడా. కానీ జీర్ణాశయం లోపలి పొర నెలల తరబడి వాచి ఉండడానికి, అంటే గ్యాస్ట్రైటిస్‌కు, ప్రధాన కారణాలు వేరు. ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. రెండోది అదే షాపులో దొరికే నొప్పి మాత్ర.

కడుపులోని ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో ఈ క్రిమిని పెంచి చూపించినా చాలామందికి నమ్మకం కుదరలేదు. దాంతో 1984లో మార్షల్ తన కడుపు బాగానే ఉందని ఎండోస్కోపీలో చూపించుకుని, క్రిములు కలిపిన ద్రవాన్ని గటగటా తాగేశాడు. కొద్ది రోజులకే వికారం, వాంతులు. మళ్లీ గొట్టం వేసి చూస్తే లోపలి పొర వాచి ఉంది. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది.

ఈ క్రిమి పూర్వీకులెవరో ఆరా తీసినవారిలో హైదరాబాదీలున్నారు. కొన్నేళ్లు నాంపల్లిలో నడిచి తర్వాత ఉప్పల్‌కు మారిన డీఎన్ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీలో నియాజ్ అహ్మద్ బృందం భారతీయుల కడుపుల్లోని పైలోరి జన్యువులను పరిశీలించి, వాటి మూలాలు యూరప్ రకాలతో కలుస్తున్నాయని 2007లో ప్రకటించింది. ప్రాచీన వలసల్లో మనుషులతో పాటే ఇది ఇక్కడికి చేరిందని వారి వాదన. మిరపకాయేమో పోర్చుగీసువాళ్లతో వచ్చింది, నిండా ఆరు వందల ఏళ్లు కాలేదు. ఆ లెక్కన మన కడుపుల్లో పైలోరియే సీనియర్!

అది ఆమ్లంలో ఎలా బతుకుతుంది? యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విడగొట్టి, తన చుట్టూ అమోనియా తెర కట్టుకుంటుంది. దాన్ని పట్టించేదీ ఆ ఎంజైమే. ఎండోస్కోపీలో బియ్యపు గింజ కన్నా చిన్న ముక్కను గిల్లి పసుపుపచ్చ జెల్‌లో వేస్తారు. క్రిమి ఉంటే జెల్ గులాబీ రంగుకు తిరుగుతుంది. అయితే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ గోలీలు వాడుతూ వెళ్తే క్రిమి ఉన్నా రంగు మారకపోవచ్చు. అందుకే పరీక్షకు రెండు వారాల ముందే డాక్టర్లు వాటిని ఆపమంటారు.

పైలోరి ఎక్కువగా చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ల నుంచి, కలుషిత నీటి నుంచి అంటుకుంటుంది. కుళాయి నీళ్లు తాగేవారికన్నా బావినీళ్లు తాగేవారిలో ఎక్కువని హైదరాబాద్ పరిశోధకులే 2007లో రాశారు. సోకినవారిలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు, వాపు మాత్రం చాపకింద నీరులా సాగుతుంది.

ఇక నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ విషయంలో ఈ సంగతిని జాన్ వేన్ 1971లో తేల్చాడు. నొప్పి తగ్గేది అందుకే. కానీ కడుపు గోడకు జిగురు పూత పూయించేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. పూత పల్చబడితే మన ఆమ్లమే మన గోడను కాలుస్తుంది. మోకాళ్ల నొప్పికని చీటీ లేకుండా నెలల తరబడి మింగేవారికి ఈ సంగతి కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. అదే అసలు దారుణం.

మద్యం, పైకి ఎగదన్నే పైత్యరసం కూడా పొరను దెబ్బతీస్తాయి. కొందరిలో సొంత రోగనిరోధక వ్యవస్థే ఆ పొర కణాలపై తిరగబడుతుంది, బీ12 ఒంటబట్టక రక్తహీనత వస్తుంది.

మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా గోలీలతో కాలక్షేపం చేయకూడదు. పైలోరి అని తేలితే యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మందు కలిపి సాధారణంగా 14 రోజుల కోర్సు. మెట్రోనిడజోల్, క్లారిత్రోమైసిన్‌లకు అది మన దేశంలో చాలాచోట్ల లొంగడం లేదు కాబట్టి, కోర్సు ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.